నోటితోనే తినిపించాలా, పొట్టకి ట్యూబ్ పెట్టించాలా? తేల్చుకోలేకపోతున్నాను

చిన్నోడి_అమ్మ:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుకుని వెళ్లిపోతుంటాను గానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. మా చిన్నోడికి 9 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి, జీఎంఎఫ్‌సీఎస్ లెవెల్ 5. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కదలికల్ని 1 నుంచి 5 వరకు చూసే స్కేల్‌లో అది ఆఖరిది, తల కూడా తనంతట తాను నిలబెట్టుకోలేడు. బరువు 13 కిలోలు, ఏడాదిన్నరగా అదే 13. పొడుగు మాత్రం సాగాడు, అందుకే ఇంకా చిక్కిపోయినట్టు ఉన్నాడు, స్నానం చేయించేటప్పుడు వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు ఒక్కొక్కటీ వేళ్లకి తగులుతాయి.

ఒక్కసారి తినిపించడానికి గంటా పావు పడుతుంది. రోజుకి నాలుగుసార్లు, అంటే 5 గంటలు. పెట్టినదాంట్లో సగం బయటికే వచ్చేస్తుంది, మధ్యలో దగ్గు, కళ్లలో నీళ్లు, ఒక్కోసారి అలసిపోయి నోట్లో ముద్ద ఉండగానే నిద్రపోతాడు. పోయిన ఏడాది న్యుమోనియాతో రెండుసార్లు హాస్పిటల్లో ఉన్నాం. ఇప్పుడు డాక్టర్ గారు గ్యాస్ట్రోస్టమీ చేయిద్దాం అంటున్నారు, అంటే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా కడుపులోకి ట్యూబ్ పెట్టడం.

మా అత్తయ్య ఆ మాట వినగానే "నోరుండగా పొట్టకి చిల్లు పెట్టిస్తావా" అని ఏడ్చేశారు. మా ఆయన "నీ ఇష్టం, చూసుకునేది నువ్వేగా" అన్నారు, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. నా భయం వేరే. వాడికి తినడం ఇష్టం. గిన్నెలో స్పూన్ చప్పుడైతే చాలు అటు తిరగాలని మెడతో కుస్తీ పడతాడు, నోరు తెరుస్తాడు. రోజు మొత్తంలో వాడు తన ఇష్టంతో చేసే పని అదొక్కటే అనిపిస్తుంది నాకు. అది కూడా నేనే లాగేసుకుంటే? ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

నోటిముద్ద:
అమ్మా, నేను సూటిగా చెప్తాను, ఏమనుకోవద్దు. వద్దు. మా అమ్మాయికి ఇప్పుడు 16, అదే లెవెల్ 5, తనకి 7 ఏళ్లప్పుడు మాకూ ఇదే మాట చెప్పారు, ఒప్పుకోలేదు, ఇవాళ్టికీ నోటితోనే తింటుంది. ఎలా అంటే కూర్చోబెట్టే కుర్చీ మార్చాం, స్పూన్ మార్చాం, చదునుగా లోతు లేనిది, ఒక్కో ముద్దకీ మధ్య గ్యాప్ ఇవ్వడం నేర్చుకున్నాం. రెండేళ్లు పట్టింది. ట్యూబ్ పెట్టించేస్తే ఆ రెండేళ్ల కష్టం ఎవరు పడతారు చెప్పండి? ఎవరూ పడరు. కడుపు నిండుతోంది కదా అని నోటిని వదిలేస్తారు, ఆ తర్వాత వాడని నోరు మొద్దుబారిపోతుంది, చెంచా చూస్తేనే కక్కుకుంటారు. నేను కళ్లారా చూశాను, ఒక హోమ్‌లో ఎనిమిదిమంది పిల్లలు వరసగా ట్యూబుల మీద, వాళ్లందరికీ అవసరమై కాదు, ఒక్కో పిల్లాడి దగ్గర గంట కూర్చునే మనిషి లేక.

2006లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 25వ ఆర్టికల్ చూడండి, వైకల్యం ఉందన్న కారణంతో వైద్యం గానీ ఆహారం గానీ ద్రవాలు గానీ వివక్షతో నిరాకరించకూడదు అని రాసి ఉంది. ఆహారం అంటే గొట్టంలో పోసే పాలపొడి నీళ్లా? రుచి, వాసన, పక్కన కూర్చున్న మనిషి, ఇవన్నీ కలిస్తేనే తిండి. మీ బాబుకి స్పూన్ చప్పుడంటే ప్రాణం అని మీరే రాశారు. మీకు జవాబు మీ పోస్టులోనే ఉంది.

బటన్_నాన్న:
నోటిముద్ద గారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, మీ అమ్మాయికి కుదిరింది కాబట్టి అందరికీ కుదురుతుంది అనడం మాత్రం చాలా ప్రమాదం. మా వాడికీ ఇదే పరిస్థితి, 6 ఏళ్లప్పుడు 11 కిలోలు, మేమూ కుర్చీలు మార్చాం స్పూన్లు మార్చాం థెరపీకి తిప్పాం, నెలకోసారి ఛాతీలో గురగుర, యాంటీబయాటిక్స్, మళ్లీ కోలుకునేలోపు ఇంకో అరకిలో పోయేది. పెగ్, అంటే ఈ పొట్ట ట్యూబే, పెట్టించి రెండేళ్లయింది. ఇప్పుడు 17 కిలోలు. అసలు నాకు తెలియని విషయం ఏంటంటే వాడు నవ్వుతాడని, ఆకలితో ఉన్నన్నాళ్లూ మాకు వాడి ఏడుపే వాడి స్వభావం అనుకున్నాం.

అలాగని అంతా సుఖంగా ఉంది అని అబద్ధం చెప్పను. మొదటి మూడు నెలలు రంధ్రం చుట్టూ ఎర్రగా కండ పెరిగింది, తడి, లీకేజీ, చొక్కాలన్నీ మరకలు. ఒకరోజు తెల్లవారుజామున బటన్ ఊడి పక్కలో పడి ఉంది. బటన్ అంటే మొదట పెట్టే పొడుగు ట్యూబ్ స్థానంలో తర్వాత పొట్టకి అంటుకుని ఉండేలా పెట్టేది, లోపల నీళ్లు నింపిన చిన్న బెలూన్ దాన్ని పట్టి ఉంచుతుంది. అది ఊడితే రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది, అందుకే మాకు ముందే నేర్పించారు, స్పేర్‌ది పెట్టి హాస్పిటల్‌కి పరిగెత్తాం. చిన్నోడి అమ్మగారూ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆపరేషన్ అయిన కొత్తలో, మొదటి కొన్ని వారాల్లో ఊడితే మాత్రం ఇంట్లో మీరు లోపలికి తోయకూడదు, దారి ఇంకా గట్టిపడి ఉండదు, పొట్టలో తప్పు చోటికి వెళ్తుంది, నేరుగా హాస్పిటలే.

ఇంకోటి, ఇది చెప్పకపోతే నిద్రపట్టదు నాకు. వాడు న్యుమోనియాతో వెంటిలేటర్ మీదికి వెళ్లాకే మేం ఒప్పుకున్నాం. అంతకు ఏడాది ముందే చెప్పారు. మా అమ్మ మాట, బంధువుల మాట, నా అహం. ఆ ఏడాది నాకు తిరిగి రాదు.

మింగుడు_థెరపీ:
నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, పన్నెండేళ్లుగా మింగడంలో ఇబ్బందులే చూస్తున్నాను. బాబుని చూడకుండా ట్యూబ్ పెట్టించండి అనీ చెప్పను, వద్దు అనీ చెప్పను, కానీ ఇక్కడ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. వీడియోఫ్లోరోస్కోపీ చేశారా? బేరియం కలిపిన ముద్దలు, ద్రవాలు మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, ఏది ఎక్కడికి పోతుందో కళ్లకి కనిపిస్తుంది. మీ బాబు దగ్గుతున్నాడు కాబట్టి ఏదో తప్పుతోందని మీకు తెలుస్తోంది. అసలు భయపడాల్సింది దగ్గనివాళ్ల గురించి. కొంతమందికి ద్రవం శ్వాసనాళంలోకి జారినా దగ్గు రాదు, సైలెంట్ ఆస్పిరేషన్ అంటాం, తల్లి "చక్కగా తింటున్నాడు" అంటుంది, ఊపిరితిత్తులు మెల్లగా పాడవుతుంటాయి. నోటిముద్ద గారూ, మీ అమ్మాయికి ఆ పరీక్ష అయ్యే ఉంటుందని ఆశిస్తున్నాను.

పరీక్ష చేస్తే ఇంకో లాభం ఉంది. "నోటితో తినగలడా లేదా" అని ఒక్క ముక్కలో తేలదు, "ఏది తినగలడు" అని తేలుతుంది. నీళ్లు తప్పు దారిలో పోయే పిల్లాడు కాస్త చిక్కగా ఉన్నది సురక్షితంగా మింగొచ్చు. ఆ చిక్కదనానికి ఐడీడీఎస్ఐ అని ప్రపంచమంతా వాడే కొలత ఉంది, 0 నుంచి 7 దాకా. ఇంట్లో చూసుకోవడం కూడా తేలికే, 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకోండి, ప్లంజర్ తీసేసి అడుగున వేలు పెట్టి మూసి, ద్రవం 10 వరకు నింపి, వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకి మళ్లీ మూయండి. 1 నుంచి 4 మధ్య మిగిలితే లెవెల్ 1, 4 నుంచి 8 మధ్య అయితే లెవెల్ 2, 8 దాటి మిగిలి, కొంచెమైనా కారితే లెవెల్ 3. సిరంజిలో 0 నుంచి 10 వరకు గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, అన్ని కంపెనీలవి ఒకలా ఉండవు, స్కేలు పెట్టి చూసుకోండి. మన కళ్లతో "కాస్త చిక్కగా ఉందిలే" అనుకుంటాం చూడండి, పొద్దున నాన్న కలిపింది ఒకలా సాయంత్రం అమ్మ కలిపింది ఒకలా ఉంటుంది, పిల్లాడు ఒక పూట బాగా మింగి ఇంకో పూట దగ్గడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. ఏ లెవెల్ ఇవ్వాలన్నది మాత్రం పరీక్ష చూసినవాళ్లే చెప్పాలి.

తినిపించేటప్పుడు తల వెనక్కి వాలిపోతోందా? వాలితే గొంతు తెరుచుకుని ద్రవం శ్వాసనాళం వైపు జారుతుంది. గడ్డం కొద్దిగా కిందికి, నడుము నిటారుగా, పాదాలకి ఆనుకునే చోటు ఉండాలి. పాదాలు గాల్లో వేలాడుతుంటే ఒళ్లంతా బిగుసుకుంటుంది, దవడ కూడా.

నోటిముద్ద:
పరీక్ష అయిందండీ, మూడుసార్లు. లెవెల్ 3 చిక్కదనంలో సేఫ్ అని వచ్చింది కాబట్టే ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నాను. బటన్_నాన్న గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, మీ నిర్ణయం తప్పు అని నేను అనలేదు. నేను అనేది ట్యూబ్ పెడితే న్యుమోనియా పోతుందని అందరూ అనుకుంటున్నారు, అది నిజం కాదని. ఉమ్ము ఎలాగూ మింగుతూనే ఉండాలి, అది తప్పు దారిలో పోవచ్చు. కడుపులో పోసింది రిఫ్లక్స్‌తో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంకో విషయం, సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి గ్యాస్ట్రోస్టమీ మంచిదా నోటి తిండి మంచిదా అని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చిన ట్రయల్ ఏదైనా ఉందా అని కొక్రేన్ వాళ్లు, అంటే వైద్య పరిశోధనలన్నీ ఏరి సమీక్షించే సంస్థ, వెతికారు, 2013లో మళ్లీ వెతికారు, ఒక్కటీ దొరకలేదు. అంత పెద్ద ఆపరేషన్‌కి అంత బలమైన రుజువు లేదు. ఇది నా మాట కాదు.

పోషణ_డెస్క్:
డైటీషియన్‌ని. నోటిముద్ద గారు చెప్పిన రెండూ కరెక్టే, ట్రయల్స్ లేవు, రిఫ్లక్స్ సంగతి కూడా నిజమే. కానీ ట్రయల్ లేదు అంటే ఏమీ తెలియదు అని కాదు. 2005లో ఆక్స్‌ఫర్డ్ బృందం 57 మంది సెరిబ్రల్ పాల్సీ పిల్లల్ని ట్యూబ్ పెట్టిన తర్వాత ఏడాదిపాటు వెంట ఉండి చూసింది, బరువు బాగా పెరిగింది, తినిపించే సమయం బాగా తగ్గింది, దాదాపు అందరు తల్లిదండ్రులూ పిల్లల ఆరోగ్యం మెరుగైందన్నారు. పోల్చడానికి రెండో గుంపు లేదు, ఒప్పుకుంటాను. మరి ఒక పిల్లాడు కళ్లముందు చిక్కిపోతుంటే లాటరీ తీసి నీకు ట్యూబ్ నీకు వద్దు అని ఏ తల్లికి చెప్తాం? ట్రయల్స్ లేకపోవడానికి అదీ ఒక కారణం.

చిన్నోడి అమ్మగారూ, మీ పోస్టులో నన్ను ఆపేసిన అంకె 5 గంటలు. 2017లో యూరప్ పిల్లల జీర్ణకోశ నిపుణులు నాడీ సమస్యలున్న పిల్లల కోసం గైడ్‌లైన్స్ ఇచ్చారు, రోజు మొత్తం మీద తినిపించడానికి 3 గంటలు దాటుతుంటే నోటి తిండి ఒక్కటే చాలదేమోనని ఆలోచించాలి అన్నారు. బాబు ఆ 5 గంటలూ ఎక్సర్‌సైజ్ చేస్తున్నట్టే. అలసిపోయి నోట్లో ముద్దతో నిద్రపోతున్నాడు అన్నారు చూడండి, ఆ క్షణమే అన్నిటికంటే ప్రమాదం. ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాదు, ఎన్ని గ్రాములు లోపలికి పోయింది అన్నది రాయడం మొదలుపెట్టండి. గిన్నెని ముందు తూచండి, తర్వాత గిన్నెనీ, తుడిచిన గుడ్డనీ కలిపి తూచండి. నాలుగు రోజులు చాలు.

బరువు విషయంలో "ఇలాంటి పిల్లలు ఇలాగే ఉంటారు" అని ఎవరైనా అంటే నమ్మకండి. నిజమే, సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి లెవెల్ వారీగా వేరే గ్రోత్ చార్టులు 2011లో వచ్చాయి, అవి ఆ పిల్లలు ఎలా ఉన్నారో చెప్తాయి, ఎలా ఉండాలో చెప్పవు. అదే లెక్కల్లో బాగా తక్కువ బరువున్న పిల్లలకి మరణాలూ జబ్బులూ ఎక్కువని కూడా తేలింది. ఒక్క బరువే చూసి తేల్చం లెండి, నిలబడలేని పిల్లలకి మోకాలి ఎత్తు కొలిచి పొడుగు లెక్కేస్తాం, జబ్బ వెనక చర్మం మడత పట్టి కొవ్వు చూస్తాం. మలబద్ధకం ఉందా? అది ఉంటే ఆకలి చచ్చిపోతుంది, ముందు దాన్ని సరిచేయాలి. ఫిట్స్ మందులు వాడుతుంటే విటమిన్ డి చూపించండి, కొన్ని మందులు దాన్ని తగ్గించేస్తాయి, ఎండకి తిరగని పిల్లల ఎముకలు అసలే పలచన.

ట్యూబ్ పెట్టించినవాళ్లు చేసే తప్పు కూడా చెప్తాను. ఇన్నాళ్ల ఆకలి తీర్చాలని ఎక్కువ పోసేస్తారు. నడవని పిల్లలకి నడిచే పిల్లలకంటే తక్కువ కేలరీలు చాలు, లేకపోతే కండ పెరగదు, కొవ్వే పెరుగుతుంది, ఎత్తుకోవడం మీకే కష్టమవుతుంది. కేలరీలు తగ్గించడానికి ఫార్ములా, అంటే ట్యూబ్‌లో పోసే తయారు ఆహారం, తగ్గిస్తే అందులో ఉన్న ప్రోటీన్, విటమిన్లు కూడా తగ్గిపోతాయి, అందుకే లెక్క ఎవరైనా కట్టి ఇవ్వాలి. బాగా చిక్కిపోయిన పిల్లాడికి ఒక్కసారిగా నిండా పోయడమూ ప్రమాదమే, రక్తంలో లవణాలు తలకిందులవుతాయి, కొన్ని రోజులు మెల్లగా పెంచాలి.

కుక్కర్_కబుర్లు:
మా తాతగారికి డిమెన్షియా ముదిరాక ట్యూబ్ పెట్టించాం, లాగేసుకుంటున్నారని చేతులు కట్టేశారు, ఇప్పటికీ ఆ పాపం నన్ను వదల్లేదు. అందుకే నా ఓటు కూడా వద్దు అనే.

పోషణ_డెస్క్:
చాలా బాధగా ఉందండీ చదువుతుంటే. కానీ అది వేరే సంగతి. ముదిరిన డిమెన్షియాలో ట్యూబ్ ఆయుష్షు పెంచదనీ, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలనీ వృద్ధుల వైద్య నిపుణులే చెప్తున్నారు. పెరగాల్సిన పిల్లాడికి ఆ లెక్క పనికిరాదు.

ఒక్కవేలు_టైపింగ్:
నాకు 31. సెరిబ్రల్ పాల్సీ. నాకు ట్యూబ్ ఉంది. 19 ఏళ్లప్పుడు పెట్టించుకున్నాను. నేనే అడిగాను. టైప్ చేయడం లేటు కాబట్టి చిన్న చిన్న వాక్యాలు.

మీరంతా అమ్మల గురించి, నానమ్మల గురించి రాశారు. తినే మనిషి వైపు నుంచి నేను రాస్తాను.

చిన్నప్పుడు నాకు చెంచా నిండా పెట్టేవాళ్లు. నోరు బిగించేవాణ్ణి. మొండి అనేవాళ్లు. అది మొండితనం కాదు. ముందు పెట్టిన ముద్ద ఇంకా గొంతులోనే ఉంది. అది చెప్పడానికి నాకు మాట రాదు. చెప్పడానికి నోరు తెరిస్తే అందులో ఇంకో చెంచా పెట్టేవాళ్లు.

మా అమ్మ చాలా ప్రేమగా పెట్టేది. ఆ ప్రేమలో సందేహం లేదు. కానీ రోజుకి నాలుగుసార్లు నాకు ఊపిరాడేది కాదు. నాలుగుసార్లూ అది అమ్మ చేత్తోనే. భోజనం టైమ్ దగ్గరపడితే నాకు చెమటలు పట్టేవి. చెంచా చప్పుడు వినగానే నేను కూడా తల తిప్పేవాణ్ణి. మా ఇంట్లో దాన్ని ఆకలి అనుకునేవాళ్లు. నిజంగా ఆకలే. భయం కూడా. రెండూ ఒకేసారి. చిన్నోడి అమ్మగారూ, మీ బాబుది ఏదో నాకు తెలియదు. అడిగి చూడండి.

నోటిముద్ద గారు 25వ ఆర్టికల్ రాశారు. నాకూ అది ఇష్టం. కానీ 18 ఏళ్లకి నా బరువు 26 కిలోలు. నాకు ఆహారం నిరాకరించింది ఎవరు? ఎవరూ కాదు. అందరూ పెట్టారు. లోపలికి పోలేదు.

ట్యూబ్ వచ్చాక నేను డిగ్రీ చదివాను. భోజనానికి 5 గంటలు పోకపోతే మిగిలిన రోజు ఎంత పెద్దదో మీకు తెలియదు.

ఇక బటన్_నాన్న గారికి. ట్యూబ్ వచ్చాక నేను కొన్నాళ్లు ఒక హాస్టల్లో ఉన్నాను. అక్కడ అందరూ బల్ల దగ్గర తినేవాళ్లు. నాకు మాత్రం మంచం మీద, రాత్రి, నేను నిద్రలో ఉండగా మిషన్ పెట్టేసేవాళ్లు. పని సులువని. ఏడాది నన్ను ఎవరూ భోజనానికి పిలవలేదు. నోటిముద్ద గారు భయపడేది దీని గురించే అయితే, ఆవిడ భయం నిజం. నేను అనుభవించాను.

ఇప్పుడు బల్ల దగ్గరే కూర్చుంటాను. అందరూ తింటుంటే నా ట్యూబ్‌లోకి నాదీ వెళ్తుంది. నాలుక మీద పెరుగు, అరటిపండు గుజ్జు, చల్లటి ఐస్‌క్రీమ్ కొంచెం. రుచి కోసం. కడుపు కోసం కాదు. వద్దు అనిపిస్తే కళ్లు మూస్తాను. ఆపేస్తారు.

నోటిముద్ద:
ఇది చదివి గంట సేపు ఏమీ రాయలేకపోయాను బాబూ. మా అమ్మాయి కూడా మధ్యమధ్యలో నోరు బిగిస్తుంది. నేను "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటాను. ఇవాళ సాయంత్రం అనకుండా ఆగాను. తను మింగింది, రెండు సెకన్లు ఊపిరి తీసుకుంది, తర్వాత తనే నోరు తెరిచింది. పదహారేళ్లుగా ఆ రెండు సెకన్లు నేను చూడలేదు.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. నువ్వు 19 ఏళ్లకి నీ నోటితో అడిగి పెట్టించుకున్నావు. 9 ఏళ్ల పిల్లాడు అడగలేడు, వాడి తరఫున మనం అడుగుతాం, అందుకే నోటికి ఇవ్వాల్సిన అవకాశాలన్నీ ఇచ్చాకే పొట్ట దగ్గరికి వెళ్లాలి అంటాను. తర్వాత కూడా రోజూ నోట్లో ఎవరు రుచి పెడతారు, ఎప్పుడు పెడతారు అన్నది ఆపరేషన్‌కి ముందే కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే అది జరగదు.

మింగుడు_థెరపీ:
ఆ చివరి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఇంకొక్కటి కలపండి, ట్యూబ్ ఉన్న పిల్లలకీ రోజుకి రెండుసార్లు పళ్లు తోమాలి. నోటితో తినడం లేదు కదా అని వదిలేస్తారు, అప్పుడే నోట్లో క్రిములు పెరుగుతాయి, ఆ ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ న్యుమోనియా. "అవకాశాలన్నీ ఇచ్చాకే" అన్నదాంతో మాత్రం నాకు పేచీ ఉంది. ఏడాదిన్నరగా బరువు పెరగని, రెండుసార్లు న్యుమోనియా వచ్చిన పిల్లాడికి రెండేళ్ల టైమ్ లేదండీ. కడుపు నిండి ఒంట్లో బలం ఉన్న పిల్లాడే థెరపీలో మింగడం బాగా నేర్చుకుంటాడు. ఆకలితో ఉన్నవాడి చేత ప్రాక్టీస్ చేయించలేం.

బటన్_నాన్న:
ఒక్కవేలు తమ్ముడూ, నీ హాస్టల్ సంగతి చదివాక మా ఇంట్లో చూసుకున్నా, మేమూ వాడికి ముందే పోసేసి టీవీ ముందు కూర్చోబెట్టి మేం తర్వాత తింటున్నాం, రెండేళ్లుగా. రేపటి నుంచి మార్చేస్తాం. ఇంకో మాట, మేం ఫార్ములా మాత్రమే కాదు, ఇంట్లో వండిందే మిక్సీ పట్టి వడగట్టి ట్యూబ్‌లో పోస్తున్నాం, వాడికి వాంతులు తగ్గాయి.

పోషణ_డెస్క్:
ఇంటి తిండి పొయ్యడం నాకూ ఇష్టమే, తప్పు కాదు. కానీ చూసుకుని. సన్న ట్యూబ్ అయితే మూసుకుపోతుంది. బయట రెండు గంటలకి మించి ఉంచితే క్రిములు పెరుగుతాయి. నీళ్లు పోసి పలచన చేస్తే కడుపు నిండుతుంది, బలం ఉండదు. ఎంత వేస్తే ఎన్ని కేలరీలో ఒకసారి ఎవరిచేతైనా లెక్క కట్టించుకోండి, అన్నా.

బటన్_నాన్న:
లెక్క కట్టించాను మేడమ్, మొదట మా డైటీషియన్ అస్సలు ఒప్పుకోలేదు, ఫార్ములా తప్ప ఏదీ వద్దన్నారు, మూడు నెలల బరువు చూపిస్తే ఒప్పుకున్నారు.

మనవరాలి_నానమ్మ:
నేను పెద్దదాన్ని, మనవడు టైప్ చేసి పెడుతున్నాడు. చిన్నోడి నానమ్మ గారి కోసం రాస్తున్నాను. నాకూ మనవరాలికి ట్యూబ్ పెడతామంటే కడుపులో దేవినట్టయింది. దానికి పుట్టిన దగ్గర్నుంచీ పొద్దుటి పూట తినిపించేది నేనే. ఇక నేనెందుకు ఇంట్లో అనిపించింది, పైకి మాత్రం పిల్లకి చిల్లు పెడతారా అన్నాను. మా కోడలు తెలివైంది, సిరంజి నా చేతికిచ్చింది. అత్తయ్యా, ఇది ఎంత ఎత్తులో పట్టుకుంటే అంత వేగంగా దిగుతుంది, మెల్లగా దిగాలి, మీ చెయ్యే స్థిరంగా ఉంటుంది అంది. ఇప్పటికీ పొద్దుటి పూట నాదే. పోస్తూ కబుర్లు చెప్తాను. ఆవిడకీ ఏదో ఒక పూట ఇవ్వమ్మా.

చిన్నోడి_అమ్మ:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఒక్కొక్కరికీ విడిగా థ్యాంక్స్ చెప్పలేకపోతున్నా, అందరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

నాలుగు రోజులు తూచాం. నేను పెడుతున్నాననుకున్నదాంట్లో సగం కంటే తక్కువే లోపలికి పోతోంది. ఆ నోట్‌బుక్ మా ఆయన ముందు పెట్టాను, ఆయన గుడ్డ బరువులు చదివి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత రోజు సెలవు పెట్టి పరీక్షకి తనే తీసుకొచ్చారు. వీడియోలో చూశాం. పలచటిది మూడు గుటకల్లో ఒకటి తప్పు దారిలో పోతోంది, దగ్గు లేదు. దగ్గు వచ్చేది వేరేవాటికి. నీళ్లు చక్కగా తాగుతున్నాడని సంతోషపడేదాన్ని నేను. చిక్కటిది చిన్న చెంచాతో, మొదటి పది నిమిషాలు బాగా మింగాడు, ఆ తర్వాత అలసిపోయాడు.

కాబట్టి ప్రస్తుతానికి ముక్కు ద్వారా ట్యూబ్ వేశారు, అది కొన్ని వారాలకే, ఈలోపు వాడు ఎలా తట్టుకుంటాడో, రిఫ్లక్స్ ఎంత ఉందో చూసి పొట్ట ట్యూబ్ సంగతి తేలుస్తారు. ఆపరేషన్‌కి నేను మానసికంగా ఒప్పుకున్నాను. నోటిముద్ద గారూ, మీరు చెప్పినట్టే కాగితం రాయించాను, రోజుకి రెండుసార్లు పదేసి నిమిషాలు నోటి రుచి, ఏ లెవెల్, ఎవరు పెడతారు, అన్నీ. డాక్టర్ గారు ఇలా ఎవరూ అడగలేదన్నారు, సంతకం మాత్రం పెట్టారు. అత్తయ్యకి సాయంత్రం పూట సిరంజి ఇచ్చాను. మొదటిరోజు చెయ్యి వణికింది, నానమ్మ గారు రాసింది చదివి వినిపించాను.

ఒక్కవేలు తమ్ముడూ, అడిగి చూడండి అన్నావు కదా. నిన్న వాడి కడుపు నిండి ఉంది, ట్యూబ్‌తో అప్పుడే అయిపోయింది. గిన్నెలో స్పూన్ తిప్పాను. ఇదివరకు ఒళ్లంతా బిగుసుకుని, మెడ నరాలు తేలి, నోరు తెరిచేవాడు. నిన్న మెల్లగా కళ్లు తిప్పి గిన్నె వైపు చూశాడు, ఒళ్లు వదులుగానే ఉంది. పెరుగు కొంచెం చెంచా కొసకి తీసి పెదవికి తాకించాను. నాకాడు. రెండోసారి తాకించాను, నాకాడు. మూడోసారి కళ్లు మూసుకున్నాడు, నేను చెంచా గిన్నెలో పెట్టేశాను.